నాలుగు కోర్ల కోసం పెద్ద కెమెరా అమ్మొద్దు

కడప,
మంగళవారం.

ఆత్మకూరులో ఉండే మా అన్న రామచంద్రకు చెల్లెలు సరళ దండం పెట్టి రాసేది ఏమంటే, ఈడ నేను బాగుండా, పిన్ని బాగుండాది. ఆడ మీరందరూ బాగుండారని అనుకుంటాండా. నాయన మోకాలి నొప్పి ఎట్లుండాది? అమ్మ మాత్రలు మర్చిపోకుండా ఏసుకుంటాండాదా? వదినను అంగట్లో మూటలు ఎత్తనీయొద్దు, ఆయమ్మ చెప్పినా వినదు. ఈ సంగతంతా ఫోన్లో చెప్తే నువ్వు "ఊ, ఊ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తాండా. సగంలో ఆపకుండా చదువు.

నా గురించి బెంగ పెట్టుకోవద్దు. ఎండ మాత్రం శానా ఉండాది. మన ఊర్లో అడివి పక్కన సాయంత్రానికన్నా గాలి తిరుగుతాది, ఈడ గోడలు గూడా కాగుతాయి. మా పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపులో ఏసీ ఉండాదిలే, అది మిషన్ల కోసం పెట్టింది, మేము పక్కన కూచోని పుణ్యం పంచుకుంటాము. పిన్ని పొద్దున కారం దోసె పోస్తాది, మధ్యాన్నం సంగటి, చెనిక్కాయల ఊరుబిండి. బొరుగుల ఉగ్గానికి మాత్రం మొగం వాచిపోయినా. సాయంత్రం దీపాలు పెట్టేయాళకు ఇల్లు గుర్తుకొచ్చి ఏడుపొస్తాది, దాచేదేముంది. మొగం కడుక్కొని మళ్లా కూచుంటా. మిక్సింగ్ నేర్చుకుంటానని నాయనతో కొట్లాడి వచ్చినా, నేర్చుకోకుండా రాను.

ఇంక అసలు సంగతికి వస్తా. నాలుగు కోర్ల కంప్యూటరు కొనేకి పెద్ద కెమెరా అమ్ముతాండానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఆదివారం డోన్ నుంచి ఎవరో చూసేకి వస్తాడంట కదా. ఆయప్పకు ముందే ఫోన్ చేసి రావద్దని చెప్పు.

నీ బాధ నాకు తెలుసు. మన ఇంటి మిషన్ చాలక క్యాసెట్లు కర్నూలుకు పంపించి, వాళ్లు ఎప్పుడో చేసిచ్చి, ఎన్ని పెళ్లిండ్లోళ్ల దగ్గర మాటలు పడినాము. పదారు దినాల పండగకు చుట్టాలంతా మళ్లా చేరతారు, అందరూ కూచోని పెళ్లి డీవీడీ చూసేది ఆ పొద్దే. అది దాటినాక ఇస్తే ఎంత బాగా తీసినా తిట్లే. కర్నూల్లో అంగడాయన "నాలుగు కోర్లుంటే పని నాలుగింతలు జల్దీ అయితాది" అంటానే నువ్వు నమ్మేసినావు. మేము గూడా ఈడ అట్లనే నమ్మినాము.

మా ఓనరు మస్తాన్ భాయ్ పోయిన నెల రెండు కోర్ల మిషన్ తెచ్చినాడు. దాని మీద మల్లెపూలు పెట్టి, అందరికీ మైసూర్‌పాక్ పంచి, "దీనికి రెండు తలకాయలుండాయి పాపా, ఇంక మనకు సగం టైమే" అన్నాడు. ఎడిటింగ్ అయినాక మిషన్ పెళ్లంతా ఒక్కొక్క బొమ్మగా కట్టి ఫైలు చేస్తాది కదా, ఆ రెండరింగే మనకు దినమంతా తినేది. పాతదాన్ని, కొత్తదాన్ని పోల్చాలంటే రెండింట్లోనూ ఒకే ముక్క వేయాల. గిరాకీల క్యాసెట్లు ఎందుకని, నేను తెచ్చుకున్న నీ పెళ్లి క్యాసెట్టు ఇచ్చినా. దాంట్లో అందరూ వరసగా కూచోని తినే బంతి బువ్వ ముక్క తీసుకున్నాము.

కొత్తదాంట్లో కొంచెం ముందు అయింది, అంతే. మస్తాన్ భాయ్ మొగం చూడాల్సింది. మళ్లా రెండరింగ్ పెట్టి, మిషన్ ఎంత పని చేస్తాందో చూపించే స్క్రీన్ తెరిచినాడు. రెండు గీతలుండాయి. ఒకటి పైకి ఎక్కి నిలబడింది. రెండోది కింద హాయిగా పడుకోనుంది. మాది అప్పుడు పాత సాఫ్ట్‌వేరు, దానికి రెండో కోరుతో పని చేయించడం రాదు. మనింట్లో పసుపు దంచేటప్పుడు అమ్మ, వదిన ఒకే రోట్లో రెండు రోకళ్లు ఏస్తారు కదా. వంతు తెలిసినోళ్లు గనక పని జరుగుతాది, తెలియకుంటే ఒకరు దంచాల, ఒకరు చూస్తా నిలబడాల.

కోర్లు దండగ అని నేను అనడం లేదు. వారం కింద కొత్త సాఫ్ట్‌వేరు ఏసినాక రెండు గీతలూ లేచినాయి, పని నిజంగానే తొందరగా అయింది. అయినా సగానికి రాలేదు. గులాబీ పూలు రాలేది, హృదయం బొమ్మలో పెండ్లికూతురు మొగం తిరిగేది, అట్లాంటి ఎఫెక్టుల చోట ఒక కోరు మళ్లా ఖాళీగా కూచుంటాది. ఇంక క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు నాలుగు కాదు నలభై కోర్లుండనీ, గంట క్యాసెట్టుకు గంట పట్టాల్సిందే. కర్నూలాయన నీకు ఇది చెప్పినాడా?

మన ఇంటి మిషన్లో ఉండేది గూడా పాత సాఫ్ట్‌వేరే, నాలుగు కోర్లది కొన్నా నువ్వు దాంట్లో ఏసేది అదే. పెద్ద కెమెరా పోతే నువ్వు మన ఇంకో చిన్న కెమెరాతో తీయాల. దాంట్లో సందకాడ తీసిన పెళ్లి ఎట్లుంటాదో నీకు తెలుసు, ఎవరి మొగం ఎవరిదో తెలియదు. ఆ చీకటిని ఏ కోరూ బాగు చేయలేదు అన్నా.

నేను ఒకటి అనుకున్నా, అట్లనే చేస్తా. అప్పటికి మిక్సింగ్ నేర్చుకోని, పెళ్లిండ్ల సీజన్‌కు ఊరికి వచ్చేస్తా. పెళ్లంతా ఎడిటింగ్ అయ్యేదాకా ఆగకుండా, ఏ భాగం అయితే ఆ భాగం రెండరింగ్‌కు పెడతా. ఇరుకున పడితే "క్యాసెట్లు ఈడికి తెచ్చుకో, కొత్త మిషన్ ఇస్తా" అని మస్తాన్ భాయ్ మాటిచ్చినాడు. పదారు దినాల పండగకు డీవీడీ నేనే పోయి పెండ్లికూతురి ఇంట్లో ఇచ్చి వస్తా. సీజన్ దాటినాక రెండు కోర్లదే కొందాము, సాఫ్ట్‌వేరు గూడా కొత్తది ఏసుకుందాము. నాయన ఏమన్నా అంటే నా మీద చెప్పు.

ఇంకొక్కటి. నీ పెళ్లికి నువ్వు పీటల మీద కూచుంటివి, పెద్ద కెమెరా పట్టుకున్నది నేను. ఆ బంతి ముక్కలో మన అవ్వ ఉండాది. పోయిన ఏడు పోయింది గానీ, దాంట్లో చేతిలో నెయ్యి గిన్నెతో వంగి వంగి వడ్డిస్తాండాది. లైటుకు కండ్లు చికిలించి నన్ను చూసి, "తిన్నావా పాపా?" అంటాది. నా గొంతు క్యాసెట్లో పడతాదని నేను పలకలేదు. ఆమె కొంచెం సేపు చూసి, పక్క ఆకు కాడికి పోతాది. మిషన్లు పోల్చేకి ఆ ముక్క ఎన్ని మార్లు ఏసినామో, అన్ని మార్లూ అడిగింది.

అమ్మకు, నాయనకు నా మొక్కులు చెప్పు, నన్ను దీవించమను. వదినకు అడిగినానని చెప్పు. వచ్చే బస్సుకు ఎవరన్నా ఉంటే చింతకాయ తొక్కు పంపించు. కెమెరా సంచి బీరువాలోనే ఉండనీ. సాయంత్రం అవ్వ పటం కాడ దీపం పెట్టేటప్పుడు, సరళ తిన్నాది అని చెప్పు.

నీ మాట కోసం చూస్తాండే
చెల్లెలు సరళ