రోజుకి పది బిడ్లు

జూన్ 3, సోమవారం

ఉదయం 7.10. నేటి నుంచి నేను స్వతంత్రుణ్ణి! ఉద్యోగం మానేసి మూడు రోజులైంది. ఇకమీదట నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని వెబ్‌సైట్లు చేస్తాను. పని ఎక్కడిదంటారా? బిడ్డింగ్ సైటు ఉంది. వెబ్‌సైటు కావలసినవాళ్ళు అందులో పోస్టు పెడతారు. నాబోటివాళ్ళు ‘నేను చేస్తాను’ అంటూ బిడ్ వేస్తారు. నచ్చినవాడికి పని. ఇంత సులువైనదాన్ని వదిలేసి తొమ్మిదేళ్ళు బస్సెక్కాను!

సంకల్పం: రోజుకి పది బిడ్లు. ఇరవై ఒక్క రోజులు. ఒక్క రోజు తప్పినా నా పేరు మార్చుకుంటాను.

ఒప్పందం: మా ఆవిడ కుట్టు మిషను చిన్నగదిలోంచి హాల్లోకి వెళ్ళింది. చిన్నగది ఇక నా ఆఫీసు. 23వ తేదీ సాయంత్రంలోగా ఒక్క పనైనా దొరక్కపోతే గది మళ్ళీ మిషనుది. ఆవిడ నవ్వుతూ ఒప్పుకుంది. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

బిడ్లు: 0. ప్రొఫైలు ఫోటోకే సాయంత్రమైంది. పైన కోటు, కింద పైజమా. తీసింది మా ఆవిడే.

జూన్ 4, మంగళవారం

బిడ్లు: 12!! ఒక్కో పోస్టూ చదివి, ఒక్కో బిడ్‌కీ విడిగా ఉత్తరం రాశాను. నడుం పట్టేసింది. అయినా ఆనందంగా ఉంది.

మధ్యాహ్నం 3.00. మా ఆవిడ తలుపు తట్టింది. “ఏవండీ, నేను కుట్టినవాటి ఫోటోలు పెట్టుకోడానికి నాకో చిన్న పేజీ చేసిపెడతారా? కొలతలు కూడా అందులోనే రాసి పంపేలా. ఎవరైనా వస్తే పాపం మామయ్యగారు టీవీ కట్టేసి లేచి వెళ్ళాల్సొస్తోంది.”

“ఇంటి పనులు తర్వాత. ముందు క్లయింట్లు,” అన్నాను. గొంతు బాగానే గంభీరంగా వచ్చింది.

జూన్ 6, గురువారం

బిడ్లు: 10. జవాబులు: సున్నా. ఒక్కో పోస్టుకి నూటపాతిక మంది పోటీ. బస్టాండులో కూడా ఇంత తోపులాట చూడలేదు.

కొత్త ఆలోచన! ఒకే ఉత్తరం బ్రహ్మాండంగా రాసి, పేరు మార్చి అందరికీ పంపడం. ‘నమస్కారం! మీ పోస్టును ఆసాంతం శ్రద్ధగా చదివాను. మీ వ్యాపార దృక్పథం నన్ను కదిలించింది...’ చదువుతుంటే నాకు నేనే పని ఇచ్చేసుకోవాలనిపించింది.

నాన్నకి చదివి వినిపించాను. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. “ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచానురా. అడ్రసు చదవకుండా ఒక్కటి ఇవ్వలేదు,” అన్నాడు.

నాన్నకి మార్కెటింగ్ తెలీదు.

జూన్ 8, శనివారం

జవాబొచ్చింది! మొట్టమొదటిది! ఓ పళ్ళ డాక్టరు. ‘మా హోటలు వంటకాలకు నోరూరించే వెబ్‌సైటు చేస్తానన్నారు. మేం పళ్ళు పీకుతాం.’

పేరు మార్చాను. హోటలు మార్చడం మరిచిపోయాను. చిన్న పొరపాటు.

బిడ్లు: 6. మనసు బాగోలేదు.

జూన్ 11, మంగళవారం

బిడ్లు: 2. తప్పు నాది కాదు. ఈ కుర్చీలో కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతోంది. పైగా హాల్లోంచి మిషను చప్పుడు. టకటకటక. మేధావి అన్నవాడు పనిచేసే వాతావరణమేనా ఇది?

మా ఆవిడ పేజీ సంగతి మళ్ళీ అడిగింది. “క్యూలో ఉంది,” అన్నాను.

“క్యూలో నా ముందు ఎవరున్నారండీ?”

జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయింది. మంచిదైంది.

జూన్ 14, శుక్రవారం

యురేకా! బిడ్లు నేనెందుకు వెయ్యాలి? నేను డెవలపర్ని! పొద్దుట్నించి కూర్చుని ఓ ప్రోగ్రాము రాశాను. పోస్టులో ‘వెబ్‌సైటు’ అన్న మాట కనిపిస్తే చాలు, నా ఉత్తరం దానంతటదే వెళ్ళిపోతుంది. రోజుకి సరిగ్గా పది. సంకల్పం చెక్కుచెదరలేదు. చేసేది నేను కాదు, అంతే.

జూన్ 17, సోమవారం

బిడ్లు: 10. నేను లేచింది తొమ్మిదిన్నరకి. ప్రోగ్రాము ఏడింటికే డ్యూటీ ఎక్కింది. ఇంత క్రమశిక్షణ నాలో ఎప్పుడూ చూడలేదు.

మా ఆవిడ పేజీ గురించి అడగడం మానేసింది. అర్థం చేసుకున్నట్టుంది.

జూన్ 20, గురువారం

ఉదయం 11.05. మెసేజ్!!! క్లయింటు పేరు ‘కత్తెర’. ‘మీరు నా పోస్టు చదివారా?’

11.06. ‘ఆసాంతం. రెండుసార్లు,’ అని కొట్టాను. హాల్లో మిషను మొదలైంది.

11.09. మిషను ఆగింది. హమ్మయ్య. వెంటనే మెసేజ్. ‘అందులో మీకేం నచ్చింది?’

11.10. ‘మీ వ్యాపార దృక్పథం.’ మళ్ళీ టకటక! జీవితంలో మొదటి క్లయింటుతో మాట్లాడుతుంటే ఈ గోలేంటి? తలుపు తీసి, “కాసేపు ఆపుతావా?” అని కేకేశాను. ఆపేసింది. ఎంతైనా మా ఆవిడ మంచిది.

11.12. ‘నా వ్యాపారం ఏమిటో చెప్పండి.’

11.13. పోస్టు తెరిచాను. మొదటిసారి.

‘ఇంట్లో కుట్టుపని చేస్తాను. నాకో గది ఉండేది. ఇప్పుడు హాల్లో కుడుతున్నాను. కొలతలకి ఎవరైనా వస్తే మామగారు టీవీ కట్టేసి లేవాల్సి వస్తోంది. కస్టమర్లు ఇంటి దగ్గర్నుంచే కొలతలు పంపేలా వెబ్‌సైటు కావాలి. ఇంతవరకూ చదివినవాళ్ళు బిడ్‌లో మొదటి మాటగా బొత్తాం అని రాయండి.’

తలెత్తితే గుమ్మంలో మా ఆవిడ. చేతిలో ఫోను.

“పంతొమ్మిది మంది బిడ్లు వేశారండీ. ఏడుగురు బొత్తాం రాశారు. మీరు రాయలేదు.”

“అది నేను కాదు, ప్రోగ్రాము...”

“రెండుసార్లు చదివానన్నది కూడా ప్రోగ్రామేనా?”

మొదట చెవులు వేడెక్కాయి. తర్వాత నిజంగా సిగ్గేసింది. ఆవిడ పోస్టు చదవనందుకు కాదు. ఎదుటివాళ్ళెవరో తెలియనప్పుడు నేను అంత తేలిగ్గా అబద్ధమాడగలనని ఇవాళ ఆవిడకి తెలిసింది.

11.30. సైటు నుంచి నోటీసు: ‘మీ బిడ్ తిరస్కరించబడింది.’ పక్కగదిలోంచి!

ప్రోగ్రాము చెరిపేశాను.

జూన్ 23, ఆదివారం

గడువు ముగిసింది. సాయంత్రం మిషను చిన్నగదిలోకి మోశాం. ముందు నేను, వెనక నాన్న.

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు రెండుచోట్లా ఒకేలా ఓడావురా,” అన్నాడు.

మా ఆవిడ మిషనుకి నూనె వేసింది. ఓ పాత గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి చూసింది. కిటికీ వెలుగు సూది మీద పడుతోంది. ఆ మొహంలో వెలుగు చూసి ఇరవై రోజులైందని నాకప్పుడు తెలిసింది.

“పోస్టు ఇంకా మూయలేదు,” అంది తల తిప్పకుండా. “రేపు సాయంత్రం దాకా టైముంది.”

జూన్ 24, సోమవారం

మొదటి రోజు (మళ్ళీ).

సంకల్పం: రోజుకి ఒకే ఒక్క బిడ్. చదివాకే. ఒక్క రోజు తప్పినా... పేరు సంగతి వదిలేద్దాం.

ఆఫీసు: హాల్లో మూల, నాన్న టీవీకి ఎడమవైపు.

ఉదయం 10.00. పోస్టు నాలుగుసార్లు చదివాను. ఎదురింటి టీచరమ్మ కొలతలకి వస్తే గది గుమ్మం బయట నిలబడి విన్నాను. ఎవరి కొలతలు వాళ్ళు తీసుకుంటే తప్పులొస్తాయట. సరిగ్గా పట్టే పాత డ్రెస్సు పరిచి కొలవడం నయమట. పదేళ్ళ సంసారంలో నాకు తెలియని సంగతి.

సాయంత్రం 4.15. బిడ్ వేశాను.

‘బొత్తాం. మీ కస్టమర్లు పాత డ్రెస్సుని నేల మీద పరిచి ఎక్కడ టేపు పెట్టాలో ఫారంలో బొమ్మలతో చూపిస్తాను. భుజం నుంచి మొదలుపెట్టమంటారా, ఛాతీ నుంచా?’

4.20. చిన్నగదిలో మిషను నడుస్తోంది. నాన్న టీవీ సౌండు తగ్గించాడు. ఆయనక్కూడా ఆత్రంగానే ఉన్నట్టుంది.

4.31. మిషను ఆగింది. మెసేజ్! ‘భుజం నుంచి. మీరు ఇంతకుముందు చేసిన పని గురించి మంచిమాట చెప్పే క్లయింటు ఎవరైనా ఉన్నారా?’

మిషను మళ్ళీ అందుకుంది.

4.32. ‘లేరు. పని ఇస్తే మీరే మొదటివారు. అబద్ధం చెప్పను,’ అని రాసి పంపాను.

4.40. జవాబు లేదు. టకటకటక.

4.52. టకటకటక.

4.58. మిషను ఆగింది.