మన కారు కొత్త నంబరు

బళ్లారి, 11-8-1965

మస్తానాబీకి,

నేనూ, కారూ బాగున్నాం. దిగులుపడవద్దు.

వానల్లేక ఉరవకొండలో బాడుగలు దొరక్క టాక్సీని ఇక్కడికి తెచ్చి ఏడాది దాటింది కదా. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు పోతే గుమాస్తా పుస్తకం తిరగేసి, "ఏమప్పా, ఏడాదిగా బండి ఈడనే ఉండాది. ఇంక ఇది ఈ రాష్ట్రం బండే. మీ ఊరికి వాపసు ఎప్పుడు పోతావో తేదీ చెప్పు, ఇట్లనే ఉంచుతా" అన్నాడు. వానలు పడినాక పోతానన్నాను. ఉరవకొండ పేరును ఎర్రసిరాతో కొట్టేసి బళ్లారి అని రాసినాడు. నంబరూ మార్చినాడు.

మేకను అమ్మవద్దు. బావిలో నీళ్లున్నాయా? చిన్నదాని దగ్గు తగ్గిందా? జాబు రాయించు. అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి.

ఇంకొక మాట. నీకు చదువు రాకపోయినా 1387 చూసి, వీధి మొదట్లోనే నా కారును గుర్తుపట్టేదానివి. ఇప్పుడది 4206. ఈ కార్డు చదివి వినిపిస్తున్న చెన్నప్పన్నకు నా సలాం చెప్పి, ఆ అంకెలు మన తలుపు మీద బొగ్గుతో రాయించుకో. రోజూ చూస్తా ఉండు. లేకపోతే నేను వచ్చిన రోజు, ఎవరి బండో అనుకుని తలుపేసుకునేవు.

ఇమాంసాబ్