అల్లుడి ఎదుట నోరు విప్పాను

కడప, 14-8-56

చిరంజీవి రంగన్నకు అమ్మ దీవెనలు. గాబరా పడొద్దు. నీ చెల్లెలు గిడ్డమ్మకు మగబిడ్డ, ఇద్దరూ క్షేమం. కాన్పులో రక్తం చాలా పోయిందని, ఎవరిదైనా ఎక్కించాలన్నాడు డాక్టరు. అల్లుడు చెయ్యి చాచాడు. పోయిన నెల తనకు చలిజ్వరం వచ్చిన మాట చెప్పలేదు. ఇన్నేళ్లూ అల్లుడి ఎదుటపడని నేను తలుపు చాటు నుంచి వచ్చి చెప్పేశాను. "మా అత్తకు అన్నీ అనుమానాలే సార్, నేను ఎద్దు మాదిరి ఉండా" అన్నాడు. పరీక్షిస్తే ఆ రక్తంలో మలేరియా ఉంది. గిడ్డమ్మకూ సోకేదట. నా తమ్ముడు గోపన్న రక్తం ఇచ్చాడు.

పొత్తిగుడ్డలు చాలలేదు, పాత చీరలు పంపు. నీ దగ్గు తగ్గిందా? వానలో తడవొద్దు.

ఈ పొద్దు అల్లుడే బిడ్డను నా చేతికిచ్చి, "అత్తా, నా జ్వరం మాత్రలు నువ్వే ఇయ్యి. చేదని ఉమ్మేస్తే తిట్టు" అన్నాడు. కోడలికీ పిల్లలకూ ఆశీస్సులు.

మీ అమ్మ వెంకటేశ్వరమ్మ