అవ్వకు ట్యాబ్ కొన్న ముచ్చట

బాపూ, మరమగ్గాల మోతకు రెండు చెవులూ ధారపోసిన మహానుభావా!

ఇవాళ పెత్రమాస, పోయిన పెద్దలను తలుచుకునే అమావాస్య. నీ పేరున అయ్యగారికి బియ్యమిచ్చి, నీ ఇల్లాలికి, అదే మా అవ్వకు, ట్యాబ్ కొనడానికి కరీంనగర్ వచ్చాం. బ్యాటరీ మీదా తెర మీదా నేను ఉపన్యాసమిచ్చాను. అవ్వ చెవిన పెట్టలేదు. ఆమె పరీక్ష ఒక్కటే: నువ్వు కార్ఖానాలోంచి ఆఖరున పంపిన వాయిస్ మెసేజ్‌లో నీ మాట వినపడాలి. పాత ఫోన్‌లో ఏనాడూ వినపడలేదు.

సేల్స్‌మన్ ఒక్కో ట్యాబ్‌లో దాన్ని పెట్టి వినిపించాడు. ప్రతిదాంట్లో మగ్గాలే, మన సాంచాలే ఆడాయి.

“సాంచాల సప్పుడు జర తగ్గించి మనిషిని పెంచు బిడ్డా,” అంది అవ్వ.

“గట్ల రాదవ్వా. పెంచితే రెండూ పెరుగుతయి,” అన్నాడతను.

“బాపుకు నీ మాట ఇనపడకపాయె, నీకు బాపు మాట ఇనపడకపాయె. బరాబరైంది తియ్యవ్వా,” అన్నాను నేను. అవ్వ నవ్వలేదు.

అన్నిటికంటే గట్టిగా మోగేదే కొన్నది. దుకాణం మెట్ల మీద కూర్చొని, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని నీ నంబరుకే మెసేజ్ పంపింది. నీకు చెవుడు కదా, అలవాటుగా నా పేరుతో నిన్ను పిలుస్తూ అరిచింది.

“ఓ రాజుగాని బాపూ! గా సాంచాలు బందువెట్టి మళ్లొక్కసారి చెప్పు!”

పంపినట్టు ఒక్క టిక్కే పడింది. నీకు అందినట్టు రెండోది పడేదాకా లేవనంటోంది.