పిస్టన్ నెత్తిన బంకమట్టి

బావా,

కుశల ప్రశ్నలు తర్వాత. నీ కారు ఎందుకు స్టార్ట్ కావడం లేదో ముందు చెబుతాను. స్టార్టర్ వైరు నేనే పీకాను. నా జేబులో ఉంది.

నువ్వు తెచ్చిన కొత్త పిస్టన్లు పాతవాటికన్నా ఎత్తు. అందుకే వాటి నెత్తిన బంకమట్టి పెట్టి, పైన మూతలా ఉండే హెడ్డు బిగించి, ఇంజన్ని చేత్తో తిప్పి చూశాను. నలిగాక మిగిలిన మట్టి మందమే వాల్వు కిందికి దిగడానికి ఉన్న చోటు. హెడ్డు కింద మందపాటి గాస్కెట్ రేకు వేస్తేనే అది సరిపోయింది. నేను అన్నం తిని వచ్చేలోపు నువ్వు దాన్ని తీసి పలచటిది వేశావు. కంప్రెషన్ ఇంకాస్త పెరగాలట! అడిగితే షెడ్డులో అందరి ముందూ, "పుస్తకం చూసి నేర్చుకున్నోడివి, నాకు చెప్తావేంట్రా?" అన్నావు.

అవును, పుస్తకం చూసే నేర్చుకున్నాను. నువ్వు అదైనా చూడలేదు.

చేత్తో తిప్పితే ఏదీ తగలదు. రోడ్డు మీద వేగం అందుకున్నాక ఆ కాస్త చోటూ చాలక వాల్వు వెళ్ళి పిస్టన్‌ని గుద్దుతుంది. ఇంజన్ ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. ఆదివారం ఈ కారులో నీ పక్కన కూర్చునేది మా అక్క.

హెడ్డు విప్పు. మందపాటి గాస్కెట్ వేసి, మళ్ళీ మట్టి పెట్టి నాకు చూపించు. అప్పుడు వైరు ఇస్తాను.

ఈలోపు కొత్త వైరు కొనుక్కుంటావని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం అక్క చేతికిచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు.

నీ బావమరిది