బావ అమ్మిన కారు

ఆదివారం, రాత్రి

బావ దగ్గర కొన్న కారు మొదటి వారం నుంచే బ్రేకు తొక్కితే కీచుమంటోంది. అడిగితే, "దుమ్మప్పా, మన రోడ్లు అట్లుండాయి" అన్నాడు. ఆ మాట నమ్మి రోజూ పిల్లలిద్దరినీ వెనక కూర్చోబెట్టుకుని నందవరం నుంచి ఎమ్మిగనూరు బడికి తీసుకెళ్లాను. నిన్న గేదెలు అడ్డం వస్తే బండి ఆగాల్సిన చోట ఆగలేదు. స్టీరింగ్ పక్కకు తిప్పి ఎలాగో తప్పించాను.

ఈ రోజు ఎమ్మిగనూరులో మెకానిక్ మస్తాన్ ముందు చక్రం విప్పాడు. బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి, ఇనుము ఇనుమును గీరుతోంది. డిస్కు మీద వేలు పెడితే గీతలు తగిలాయి.

"ఈ బండి నాకు తెలుసన్నా. ఎండాకాలంలో మీ బావ ఈడికే తెచ్చినాడు. ప్యాడ్లు మార్చకుంటే పానానికే మోసమని సెప్పినా. అమ్మేస్తాండా, ఇప్పుడెందుకులే అన్నాడు."

ప్యాడ్లు, డిస్కులు కొత్తవి వేయించాను. చప్పుడు పోయింది.

ఇంటికి వచ్చేసరికి ఆదోని నుంచి అక్క ఫోన్ చేసింది.

"బండి బాగుందా రా? తమ్మునికి గదా అని మీ బావ అన్నీ సూసి ఇచ్చినాడు. ఈ నడుమ నాతో కూడా నెమ్మదిగా మాట్లాడతాండాడప్పా."

అక్క గొంతులో అంత సంతోషం విని ఏళ్లయింది. "బాగుందక్కా" అన్నాను.

వచ్చే ఆదివారం ఇద్దరూ భోజనానికి వస్తారట. బావను అడిగితే ఆ కోపమంతా అక్క మీద పడుతుంది. అడగకుండా ఆయన పక్కన కూర్చుని ఎలా తినాలి? వెనక సీట్లో నా పిల్లలు కూర్చుంటారని ఆయనకు తెలుసు...