దగ్గరి గేటు దాటిన బండి

శుక్రవారం, సాయంత్రం

గౌరవనీయులైన డ్రైవరన్నకు,

కంట్రోల్ రూములో కూర్చుని పొద్దస్తమానం మీ చెవిలో పోరుపెట్టే చెల్లెలి నమస్కారాలు. మీరు, వదిన, పిల్లలు కులాసా అనుకుంటాను. నా కులాసా సంగతి చివర్లో రాస్తాను.

అంబులెన్సు తాళాలు సూపర్‌వైజరు బల్ల మీద విసిరేసి, రేపట్నుంచి రానని వెళ్ళిపోయారట. ఫోనెత్తడం లేదు. అందుకే మీ బండిలో ఉండే నర్సు చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

మీ కోపం నాకు తెలుసు. గోదాముల మలుపులో లారీ గుద్దిన మనిషి అతను. ఫోను చేసినావిడ ఏడుస్తూనే అన్నీ చెప్పింది: స్కూటరు నుజ్జయిందని, తల పగిలిందని, ఆకుపచ్చ మూతకు ఎర్ర రిబ్బను కట్టిన అన్నం డబ్బా రోడ్డు మీద దొర్లుతోందని. అతన్ని ఎక్కించుకుని దగ్గరి ఆసుపత్రి గేటు ముందుకొచ్చి, లోపలికి తిప్పనా అని ఫోనులో నన్నడిగారు. వద్దు, పెద్దాసుపత్రికే పొమ్మన్నాను. మనిషి పోయేలా ఉన్నాడని అరిచారు. అయినా పొమ్మన్నాను. నీ వాళ్ళయితే ఇలాగే అంటావా అని అడిగారు. నేను పెద్దాసుపత్రికి ఫోను కలిపాను.

కనిపించిన గేటులోకల్లా బండి తిప్పడం మీకు పాత అలవాటు. కానీ ఇవాళ ఆ గేటు లోపల తలకు ఆపరేషన్ చేసే డాక్టరు లేడన్నా. అక్కడ దింపితే కట్టుకట్టి మళ్ళీ ఇక్కడికే పంపేవారు. ఇక్కడ రక్తం, డాక్టర్లు, బల్ల అన్నీ ముందే సిద్ధం చేయించాను. మీరు తలుపు తీయగానే లోపలికి తీసుకుపోయారు కదా.

మీరు ఎత్తుకొచ్చిన ప్రతి మనిషికీ మా గది మ్యాపు మీద ప్రమాదం జరిగిన చోట ఒక గుండుసూది గుచ్చుతుంటే సూదుల పిచ్చిదని నన్ను వెక్కిరిస్తారు. ఆ సూదులు చూసే మార్కెట్ మలుపులో స్పీడ్ బ్రేకర్లు వేశారు. ఆ తర్వాత మీ బండికి అక్కడ పనేముంది? గోదాముల మలుపులోనూ వేయించేదాకా ఊరుకోను. ఇవాళ్టి సూది మాత్రం ఇంకా గుచ్చలేదు.

తలుపు మీద ఎర్రలైటు ఆరలేదు. ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడుతున్నాను. నేను చెప్పింది తప్పేమోనని భయంగా ఉంది. మీరు మాత్రం బండి మానకండి. మీ అంత త్వరగా ఇంకెవరూ తీసుకురాలేరు.

మీ పోరు చెల్లెలు

తా.క.: ఆ డబ్బా నాది. రిబ్బను కట్టింది నేనే. రోజూ మధ్యాహ్నం మా ఆయన తెచ్చిస్తారు. మీరు గేటు దగ్గర అడిగేసరికే నాకు తెలుసు. నా వాళ్ళేనన్నా. అయినా అలాగే అన్నాను.